పళ్ల డాక్టరు చదువు ఎవరికి చౌక?

“డాక్టరీ ఖరీదు, డెంటల్ చౌక” అనే మాట మన ఊళ్లలో స్థిరపడిపోయింది. కాలేజీ ఫీజు ఒక్కటే చూస్తే అది నిజమే. దళిత కుటుంబం వైపు నుంచి చూస్తే ఆ లెక్క తారుమారవుతుందని మేం అంటున్నాం.

అనకాపల్లినే తీసుకుందాం. బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసే కళాసీ కూతురు నీట్ రాసిందనుకుందాం. రెండు చదువులకూ పరీక్ష ఒక్కటే. ర్యాంకు కొంచెం జారితే ఎంబిబిఎస్ పోయి బిడిఎస్ వస్తుంది. 2023లో విజయనగరం, రాజమండ్రి, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లోనూ, 2024లో పాడేరులోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వాటిలోనూ 2023లో బి కేటగిరీ సీటుకు ఏడాదికి 12 లక్షలు, ఎన్నారై సీటుకు 20 లక్షలు ధర కట్టారు. అయినా సర్కారు సీట్లు కొన్ని పెరిగాయి. ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు మాత్రం విజయవాడ, కడపల్లో రెండే. ఉత్తరాంధ్రలో ఒక్కటీ లేదు. దగ్గర్లో చదవాలంటే ప్రైవేటు కాలేజీయే దిక్కు.

ఈ ప్రైవేటు దారి ఊరికే పడలేదు. ప్రైవేటు వైద్య, దంత వైద్య కళాశాలలకిచ్చిన అనుమతులను 1992లో హైకోర్టు కొట్టేస్తే ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి గద్దె దిగారు. 1993లో ఉన్నికృష్ణన్ తీర్పు సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంటు సీట్లు అంది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ తీర్పు ఆ పద్ధతిని ఎత్తేసింది. 2005లో ఇనామ్‌దార్ తీర్పు, సాయం తీసుకోని కాలేజీలపై ప్రభుత్వం రిజర్వేషన్లు రుద్దరాదంది. దాన్ని దాటడానికి 93వ రాజ్యాంగ సవరణ తేవాల్సి వచ్చింది.

ఇక ఫీజు చీటీలో కనపడని ఖర్చు. ఎంబిబిఎస్ పిల్లలు పుస్తకాలు సీనియర్ల దగ్గర తెచ్చుకోవచ్చు, స్టెతస్కోపు ఒకసారి కొంటే చాలు. పడకలు, మందులు ఆసుపత్రివి. పళ్ల చదువులో చేతిపనే చదువు. మొదటి ఏడాదే మైనంతో పన్ను చెక్కాలి. ఆ తర్వాత ప్లాస్టరు, అచ్చు తీసే పొడి, పన్ను అరగదీసే ఎయిరోటర్, వేరు శుభ్రం చేసే ఫైళ్లు. చాలాచోట్ల ఇవన్నీ విద్యార్థే కొనుక్కోవాలి. అరిగేవి అరుగుతాయి, అయిపోయేవి అయిపోతాయి, చెల్లెలికి మిగలవు. ఫీజు రీయింబర్స్‌మెంటు కాలేజీకి పోతుంది గానీ ఈ సంచీని నింపదు.

పట్టా చేతికొచ్చాక తేడా ఇంకా పెద్దది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఎంబిబిఎస్ డాక్టరుకు పోస్టుంది, పళ్ల డాక్టరుకు లేదు. సొంత క్లినిక్కే గతి. కుర్చీ, కంప్రెసరు, ఆటోక్లేవు, మెయిన్‌రోడ్డు మీద గది కావాలి. గది అడిగితే ముందు కులం అడిగే యజమానులు ఇంకా ఉన్నారు. పైగా ఇది నోట్లో చెయ్యిపెట్టే వృత్తి. ఎంగిలి పేరుతో మనుషుల్ని విడదీసిన సమాజంలో మన పిల్ల చేతికి ఎవరు నోరు తెరుస్తారన్నది కూడా పెట్టుబడి ప్రశ్నే. తాత ఆస్తి, కులపోళ్ల పరిచయం ఉన్నోళ్లకు ఈ ప్రశ్నే రాదు.

అందుకని ఫీజు తగ్గించమంటే సరిపోదు. పనిముట్లు ప్రభుత్వమే ఇవ్వాలి. ఉత్తరాంధ్రకు ప్రభుత్వ డెంటల్ కాలేజీ కావాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పళ్ల డాక్టరు పోస్టులు పెట్టాలి. సీటులో రిజర్వేషన్ ఇచ్చి కుర్చీ దగ్గర వదిలేస్తే అది సగం హక్కే.