రక్తములో విటమిన్ ‘ఎ’ – మధుమేహ రోగికి ఆ అంకె ఏమి చెప్పును?

మధుమేహము గలవారికి చూపు కొంచెము మందగించగానే మన ఇండ్లలో మొదట వినిపించు మాట ఒకటే: “కళ్ళకు బలము చాలలేదు, విటమిన్ ‘ఎ’ తీసికొనండి.” ఆ మాట నేనును చెప్పినవాడనే. దాని ఫలితమును కన్నులారా చూచిన పిదప, ఈ సంగతిని పాఠకులకు వివరముగా తెలుపుట నా విధి అని తోచినది.

నా వద్దకు చాలకాలముగా వచ్చుచున్న విశ్రాంత ఉపాధ్యాయులొకరు 14 ఏండ్లుగా మధుమేహముతో బాధపడుచున్నారు. ఒకనాడు వచ్చి, “చీకటి పడితే మెట్లు సరిగా కనబడుట లేదండీ. రేచీకటి కాదు గదా?” అని అడిగినారు. “పొన్నగంటికూర, మునగాకు బాగా తినండి మాస్టారూ” అని చెప్పి పంపినాను. కంటి వైద్యునికి చూపించుకొమ్మని చెప్పలేదు. అది నా పొరపాటు.

మాస్టారు అంతటితో ఆగలేదు. మిత్రులెవరో చెప్పగా విటమిన్ ‘ఎ’ గుళికలు కొని 5 నెలలు మ్రింగినారు. ప్రతిదినము క్యారట్ రసము త్రాగినారు. మరల వచ్చునప్పటికి వారి అరచేతులు పసుపు పూసినట్లున్నవి. కుమారుడు పట్టణములో చేయించిన రక్తపరీక్ష కాగితము నా ముందుంచినాడు. అందులో రెటినాల్ లీటరుకు 4 మైక్రోమోలులకు పైగా ఉన్నది. పెద్దలలో సాధారణముగా అది 1 నుండి 3 వరకు ఉండును. “రక్తములో విటమిన్ ఇంత ఉండగా మా నాన్నగారి చూపు ఎందుకు బాగుపడలేదండీ?” అని ఆ అబ్బాయి అడిగినాడు. ఈ వ్యాసమంతయు ఆ ప్రశ్నకు సమాధానమే.

ఈ నమ్మకము ఎక్కడిది?

విటమిన్ ‘ఎ’ కంటికి అవసరమన్న మాట అసత్యము కాదు. ఇది లోపించినచో రేచీకటి వచ్చును. లోపము ముదిరినచో నల్లగ్రుడ్డు చెడి చూపు పోవును. మన దేశములో ఎందరో పసిపిల్లలు ఈ విధముగా అంధులైనారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన కృషి ఆధారముగా, 1970లో పిల్లలకు 6 నెలలకొకసారి 2 లక్షల యూనిట్ల విటమిన్ ‘ఎ’ ద్రావణము పోయు పథకము మొదలైనది. “కంటికి మందు విటమిన్ ‘ఎ’” అన్న మాట ఇంటింటికి చేరుటకు అదియు ఒక కారణము. ఐతే ఆ మందు పోషకాహారము చాలని పిల్లలకు ఉద్దేశించినది. మధుమేహము గల పెద్దల సంగతి వేరు.

గాదె, బండి, బజారు

మనము తిన్న విటమిన్ ‘ఎ’లో అధికభాగము కాలేయములో నిలువ ఉండును. కాలేయమును ధాన్యపు గాదె అనుకొందము. గాదెలోని ధాన్యము బజారుకు తనంత తాను నడచి రాదు; బండి కావలెను. రెటినాల్‌ను రక్తములోనికి మోసికొని వచ్చు బండి ఒక మాంసకృత్తు. దానిని రెటినాల్ బంధక ప్రోటీన్ అందురు. శాస్త్రజ్ఞులు దీనిని 1968లో మానవ రక్తమునుండి వేరుచేసి చూపినారు. ఈ బండి కాలేయములోనే తయారగును. అందుకు ఆహారములో మాంసకృత్తులు, జింకు చాలినంత ఉండవలెను.

రక్తపరీక్ష చూచునది బజారులోని ధాన్యమును మాత్రమే. గాదె నిండియున్నను బండ్లు లేనిచో బజారు వెలవెలబోవును. బండ్లు ఎక్కడో నిలిచిపోయినచో, గాదెతో నిమిత్తము లేకుండ బజారు కిటకిటలాడును.

రక్తములో ఈ విటమిన్ అనేక రూపములలో ఉండును. భోజనము తరువాత కొంతసేపు రెటినైల్ ఎస్టర్లు కనబడును. అన్ని వేళల ముఖ్యముగా తిరుగునది రెటినాల్. కంటిలో అది రెటినాల్డిహైడ్‌గా మారి వెలుతురును గ్రహించుటకు తోడ్పడును. ఈ రంగములో పరిశోధన చేసిన జార్జ్ వాల్డ్‌కు 1967లో నోబెల్ బహుమతి లభించినది. రెటినాల్ నుండియే పుట్టు రెటినోయిక్ ఆమ్లము కణములలోని జన్యువులను నడిపించును. రక్తములో అది రెటినాల్‌లో వందవ వంతు కూడ ఉండదు.

మధుమేహములో అంకె ఏల తారుమారగును?

ఇందుకు ముఖ్యముగా నాలుగు కారణములు గలవు.

మొదటిది ఇన్సులిన్ లేమి. మధుమేహము కలిగించిన ఎలుకలలో కాలేయమున విటమిన్ ‘ఎ’ నిండుగా ఉండి, రక్తములో మాత్రము తగ్గియుండుట పరిశోధకులు గమనించినారు. చిన్నతనముననే ఇన్సులిన్ అవసరమగు మొదటి రకము మధుమేహ రోగులలోను రక్తపు రెటినాల్ తక్కువగా ఉన్నట్లు పరిశోధనలు తెలిపినవి. ఇక్కడ కొరత గాదెలో కాదు, బండిలో.

రెండవది స్థూలకాయము. పెద్దవయసులో వచ్చు రెండవ రకము మధుమేహములో క్రొవ్వు కణములు కూడ ఈ బంధక ప్రోటీన్‌ను విడుదల చేయుననియు, అది ఇన్సులిన్ పనికి అడ్డు తగులుననియు 2005లో ఒక పరిశోధన వెలువడినది. తరువాతి పరిశోధనలన్నియు దీనితో ఏకీభవించలేదు.

మూడవది మూత్రపిండములు. పాతబడిన బండ్లను తొలగించు పని వీనిదే. మధుమేహము వలన మూత్రపిండములు దెబ్బతిన్నచో బండ్లు రక్తములో పేరుకొనును. వానితోపాటు రెటినాల్ కూడ పెరుగును.

నాలుగవది జ్వరము, చీము, వాపు. కాలిపుండు చీముపట్టిన రోగిలో కాలేయము బండ్ల తయారీని తగ్గించును. అప్పుడు చేసిన పరీక్షలో లేని లోపము ఉన్నట్లు కనబడును.

కావున ఒకే రోగిలో ఒక కారణము అంకెను క్రిందికి లాగుచుండగా మరొకటి పైకి త్రోయుచుండవచ్చును. ఒంటరి అంకెను చూచి తీర్పు చెప్పరాదు.

పరీక్ష చేయు విధము

రెటినాల్, అంతకన్న ఎక్కువగా రెటినోయిక్ ఆమ్లము, వెలుతురుకు చెడిపోవును. అందుచేత పరగడుపున తీసిన రక్తమును వెలుతురు తగులకుండ కప్పి, చల్లగా ఉంచి పంపవలెను. పరిశోధనశాలలో ద్రవమును సన్నని గొట్టము గుండా అధిక పీడనముతో పంపి, అందలి పదార్థములను ఒకదానినుండి ఒకటి విడదీసి కొలుతురు. రెటినాల్ లీటరుకు 0.7 మైక్రోమోలుకు తక్కువైనచో లోపముగా ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిగణించును. మధుమేహ రోగి విషయములో ఈ అంకెతోపాటు క్రియాటినిన్, మూత్రములో ఆల్బుమిన్, వాపును తెలుపు సి.ఆర్.పి. కూడ చూచినప్పుడే అర్థము తెలియును.

అరచేతుల పసుపు

మాస్టారి అరచేతులు పసుపుబారుట చూచి ఇంటివారు కామెర్లని భయపడినారు. కామెర్లలో కంటి తెల్లగ్రుడ్డు పచ్చబడును. వారి తెల్లగ్రుడ్డు తెల్లగానే ఉన్నది. ఇది క్యారట్‌లోని కెరోటిన్ చర్మములో చేరుటవలన వచ్చిన రంగు. మానివేసినచో కొన్ని వారములలో పోవును. కెరోటిన్‌ను శరీరము అవసరము మేరకే విటమిన్ ‘ఎ’గా మార్చుకొనును గనుక ఆకుకూరలవలన విషలక్షణములు రావు. గుళికల సంగతి అట్లు కాదు. అందలి విటమిన్ సిద్ధరూపములో ఉండును. మోతాదు మించి దీర్ఘకాలము వాడినచో తలనొప్పి, చర్మము పొరలూడుట, ఎముకల బలహీనత, కాలేయమునకు హాని కలుగవచ్చును.

ఇక అసలు సంగతి. మాస్టారి క్రియాటినిన్ పెరిగియున్నది. రెటినాల్ అంత హెచ్చుటకు గుళికలు, మూత్రపిండములు రెండును కారణములే. కంటిపాపను మందుతో పెద్దదిచేసి పరీక్షించగా లోపలి నేత్రపటలముపై రక్తపుచుక్కలు కనబడినవి. అది రేచీకటి కాదు; మధుమేహమువలన సన్నని రక్తనాళములు చెడిపోవుట. లేసరు చికిత్స చేసినారు. ఒక కంటి చూపు నిలిచినది. రెండవ కంటిలో పోయిన చూపు తిరిగి రాలేదు. గుళికలతో గడచిన ఆ 5 నెలలు ఎంత విలువైనవో నాకు అప్పుడు తెలిసినది.

పాఠకులకు మనవి

1. మధుమేహము గలవారు చూపు బాగున్నను ఏడాదికొకసారి కంటిపాప పెద్దదిచేయించి పరీక్ష చేయించుకొనవలెను. చూపులో ఏ మార్పు వచ్చినను వెంటనే వెళ్ళవలెను.

2. చక్కెర హెచ్చుతగ్గులవలన కూడ చూపు తాత్కాలికముగా మసకబారును. చక్కెర అదుపులోనికి వచ్చి కొన్ని వారములు గడచిన తరువాతనే క్రొత్త కళ్ళద్దములు చేయించుకొనుట మేలు.

3. తోటకూర, మునగాకు, పొన్నగంటికూర, కరివేపాకు నిత్యము వాడవచ్చును. కొద్దిపాటి నూనెతో వండినచో కెరోటిన్ బాగుగా ఒంటబట్టును. మూత్రపిండముల జబ్బు ఉన్నవారు ఆకుకూరల పరిమాణమును వైద్యుని అడిగి తెలిసికొనవలెను. క్యారట్‌ను రసముగా గాక కూరగా తినుట మంచిది.

4. వైద్యుని సలహా లేక విటమిన్ ‘ఎ’ గుళికలు వాడరాదు. మూత్రపిండముల జబ్బు గలవారు, గర్భిణీలు మరింత జాగ్రత్త వహించవలెను.

మన వంటింటి ఆకుకూర ఉత్తమమైన ఆహారమే. కాని కంటి లోపల రక్తనాళము చిట్లుచుండగా అది చికిత్స కాజాలదు. ఇప్పుడు నా వద్దకు వచ్చు ప్రతి మధుమేహ రోగిని నేను మొదట అడుగు ప్రశ్న, “కన్ను చూపించుకొని ఎన్నాళ్ళయినది?” అని.