సికింద్రాబాద్‌లో లీకైన గ్యాస్

ఏసీ తిరుగుతూనే ఉంటుంది, గది మాత్రం చల్లబడదు. మీ ఇంట్లో ఎప్పుడైనా ఇలా జరిగిందా? మేము దోహాకి వచ్చిన మొదటి వేసవిలో, ఉమ్ ఘువైలినాలోని మా ఫ్లాట్‌లో ఇదే జరిగింది. మెకానిక్ వచ్చి చూసి, "గ్యాస్ పోయింది, నింపాలి" అని హిందీలో చెప్పాడు. నింపి వెళ్ళిపోయాడు. "పోయిన గ్యాస్ ఎక్కడికి పోయిందమ్మా?" అని మా పాప అడిగింది. బీఈడీ చదివిన అమ్మ దగ్గర జవాబు లేదు! తరవాత చదివి తెలుసుకున్నాను. అదే మీకూ చెబుతున్నాను.

ఈ ప్రశ్నకి జవాబు కనిపెట్టినాయన వీరభద్రన్ రామనాథన్. 1944లో మద్రాసులో పుట్టారు. పదకొండేళ్ళప్పుడు కుటుంబం బెంగళూరుకి మారింది. అక్కడి బడిలో పాఠాలన్నీ ఇంగ్లీషులో. ఆయనకి వచ్చింది తమిళం. టీచర్లు చెప్పేది అర్థంకాక, ఏదైనా సొంతంగా ఆలోచించి తేల్చుకోవడం అలవాటైందట. (రెండు భాషల మధ్య నలిగే మీకు ఈ సంగతి నచ్చుతుందనుకుంటాను.)

అన్నామలై విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ పూర్తయ్యాక ఆయన సికింద్రాబాద్‌లో ఒక ఫ్రిజ్‌ల కంపెనీలో చేరారు. అవును, మన సికింద్రాబాదే. ఫ్రిజ్‌ల నుంచి గ్యాస్ ఎందుకు కారిపోతోందో కనుక్కోవడం ఆయన పని. ఆ గ్యాస్‌లని క్లోరోఫ్లోరోకార్బన్‌లు అంటారు. నోరు తిరగకపోతే సీఎఫ్‌సీలు అనండి చాలు.

తరవాత ఆయన అమెరికా వెళ్ళి గ్రహాల వాతావరణం గురించి చదివారు. సీఎఫ్‌సీలు ఓజోన్ పొరని పాడుచేయగలవని 1974లో మోలినా, రోలండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చెప్పారు. రామనాథన్‌కి ఇంకో ప్రశ్న వచ్చింది: ఈ గ్యాస్‌లు భూమిని వేడెక్కిస్తాయా?

ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి. పగలు ఎండకి భూమి వేడెక్కుతుంది. ఆ వేడి, కంటికి కనబడని పరారుణ కిరణాలుగా తిరిగి ఆకాశంలోకి పోతుంది. దారిలో నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ చాలా వేడిని పట్టేస్తాయి. అయితే ఒక రకం కిరణాలని మాత్రం ఇవి పెద్దగా పట్టుకోవు. ఆ ఖాళీ దారినే 'వాతావరణ కిటికీ' అంటారు. తలుపులన్నీ మూసేసిన ఇంట్లో తెరిచి ఉన్న ఒక్క కిటికీ అనుకోండి. సీఎఫ్‌సీలు సరిగ్గా ఆ కిటికీకే దుప్పటి కడతాయి! కార్బన్ డయాక్సైడ్ తన దారిని ఇప్పటికే చాలావరకు మూసేసింది కాబట్టి దాని అణువు ఇంకొకటి చేరితే వచ్చే తేడా తక్కువ. తెరిచి ఉన్న దారిలో కొత్తగా చేరే అణువుతో తేడా చాలా ఎక్కువ. ఒక్క సీఎఫ్‌సీ అణువు సుమారు 10,000 కార్బన్ డయాక్సైడ్ అణువులతో సమానమని రామనాథన్ లెక్క తేల్చారు. 1975లో 'సైన్స్' పత్రికలో ఇది వచ్చింది. అప్పటికి ఆయనకి 30 ఏళ్ళు. వాతావరణం వేడెక్కడానికి కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే కారణం కాదని అలా తెలిసింది.

ఆ తరవాతా ఆయన చాలా చేశారు. 1999లో హిందూ మహాసముద్రం మీద పరుచుకున్న గోధుమరంగు పొగమబ్బుని పాల్ క్రుట్జెన్‌తో కలిసి పరిశోధించారు. అది వేరే పాఠం అవుతుంది, ఇక్కడ ఆపేస్తాను.

ఓజోన్‌ని కాపాడడానికి 1987లో దేశాలు మాంట్రియల్‌లో ఒప్పందం చేసుకుని సీఎఫ్‌సీలని మెల్లగా ఆపేశాయి. వాటి బదులు చివరికి హెచ్‌ఎఫ్‌సీలు వచ్చాయి. ఇవి ఓజోన్ జోలికి పోవు, కానీ వేడిని మాత్రం బాగా పట్టుకుంటాయి. అందుకే వీటినీ తగ్గించాలని 2016లో రువాండాలోని కిగాలిలో ఒప్పుకున్నారు.

పెద్దవాళ్ళని తోడు తీసుకుని మీ ఏసీ బయటి పెట్టె మీద స్టిక్కర్ చదవండి. మా దాని మీద ఆర్-410ఏ అని ఉంది. ఇది హెచ్‌ఎఫ్‌సీల మిశ్రమం. ఒక కిలో గాలిలో కలిస్తే, 100 ఏళ్ళ లెక్కన, దాదాపు 2,000 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఆర్-32 అని ఉంటే మూడోవంతు.

ఇదంతా పాపకి చెప్పాను. పోయిన గ్యాస్ ఆకాశంలోనే ఉందన్నాను. అంతా విని, "మరి ఆ అంకుల్ లీకు మూశాడా?" అంది.

మూయలేదు. నింపాడంతే. మళ్ళీ ఫోన్ చెయ్యాలి.