ఉప్పు, ఉప్పుడు బియ్యం, చిన్న రైలు: నౌపడ–గుణుపూర్ లైనును ఇంట్లో నమూనాగా కట్టడం ఎలా?

నమూనా రైలు అనగానే చాలామంది ముందు పట్టాల గురించే ఆలోచిస్తారు. బల్ల మీద గుండ్రంగా పట్టాలు వేసి, మధ్యలో ఒక కొండ, ఒక సొరంగం పెట్టి ఇంజన్ తిప్పుతారు. వారం రోజులకే పిల్లలకు దాని మీద మోజు తీరిపోతుంది. ఆ రైలు ఎక్కడి నుంచి వస్తోందో, ఏం మోస్తోందో ఎవరికీ తెలియదు గనుక ఇక చూడటానికి ఏమీ మిగలదు. నిజంగా ఉన్న ఊరిని, ఆ ఊరి మిల్లును, ఆ మిల్లు సరుకును ఆధారం చేసుకుంటే మాత్రం చిన్న షెల్ఫు మీద కూడా ఏళ్ళ తరబడి పని దొరుకుతుంది.

ఇందుకు మనవాళ్ళకు బాగా తెలిసిన ఉదాహరణ ఒకటి తీసుకుందాం. అది పర్లాకిమిడి లైట్ రైల్వే, మన పెద్దల మాటల్లో ‘చిన్న రైలు’.

లైను కథ క్లుప్తంగా

పర్లాకిమిడి మహారాజా చొరవతో నౌపడ నుంచి పర్లాకిమిడి వరకు సుమారు 40 కిలోమీటర్ల నేరోగేజి లైను 1900లో మొదలైంది. 1930ల మొదటికి అది గుణుపూర్ చేరి మొత్తం 90 కిలోమీటర్లయింది. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి, గుణుపూర్ అటు వెళ్ళాయి. నౌపడ, టెక్కలి, పాతపట్నం ఇటే ఉండిపోయాయి. సరిహద్దుకు రెండు వైపులా ఉన్న తెలుగు కుటుంబాలకు పెళ్ళిళ్ళకూ సంతలకూ ఆ తరవాత కూడా ఈ బండే దిక్కయింది. 2004లో నేరోగేజి బళ్ళు ఆగిపోయాయి. 2011 నాటికి గుణుపూర్ దాకా బ్రాడ్‌గేజి వచ్చింది.

బ్రాడ్‌గేజి రావడం మంచిదే. అయితే పాత యార్డు ఎలా ఉండేదో, బస్తాలు ఎక్కడ దించేవారో చెప్పగలిగినవాళ్ళు మన ఇళ్ళలో తగ్గిపోతున్నారు. 1970ల్లో ఇరవై ఏళ్ళ వయసులో బస్తాలు మోసిన మనిషికి ఇప్పుడు డెబ్భై దాటి ఉంటాయి. ఈ నమూనా కట్టే పనిలో ముందు కావలసింది ఆయన జ్ఞాపకం. జిగురు, చెక్క ఆ తరవాత కొనుక్కోవచ్చు.

మొదట రాయవలసింది సరుకుల పట్టిక

పట్టాలు కొనే ముందు ఒక కాగితం తీసుకుని, మీరు చూపించదలచిన ప్రతి చోటికీ రెండు గళ్ళు గీయండి. ఒకటి ‘వచ్చేది’, రెండోది ‘పోయేది’. మన ఉదాహరణకు అది ఇలా ఉంటుంది.

నౌపడ: చుట్టూ ఉప్పు మడులు. ఎద్దుబళ్ళ మీద ఉప్పు బస్తాలు యార్డుకు వస్తాయి. వాటిలో కొన్ని పెద్ద బండికి, కొన్ని చిన్న బండికి ఎక్కుతాయి. చిన్న బండిలో వచ్చిన బియ్యం ఇక్కడ పెద్ద బండిలోకి మారుతుంది.

పర్లాకిమిడి: బియ్యం మిల్లు. ధాన్యం, ఖాళీ గోనెలు వస్తాయి. బియ్యం, తవుడు పోతాయి. ఊక చాలావరకు అక్కడే బాయిలర్‌లో కాలిపోతుంది.

గుణుపూర్: కొండల నుంచి సంతకు దిగే చింతపండు, అడ్డాకులు, వెదురు పోయేవి. ఉప్పు, కిరసనాయిలు, బట్టలు వచ్చేవి.

ఈ పట్టిక పూర్తయితే ఏ రకం వ్యాగన్లు ఎన్ని కావాలో, ఏ షెడ్డు ఎక్కడ ఉండాలో దాదాపు తేలిపోతుంది. ఉప్పుకూ బియ్యానికీ వాన తగలకూడదు గనుక మూతబండ్లు కావాలి. వెదురుకు తెరిచిన బండ్లు చాలు. ఖాళీ గోనెలు ఎదురు దిశలో వస్తాయి గనుక తిరుగు బండి కూడా ఉత్తగా పోదు.

కొలతలు

1:87 నిష్పత్తి, అంటే హెచ్‌ఓ స్కేల్, ఈ లైనుకు బాగా సరిపోతుంది. 762 మిల్లీమీటర్లను 87తో భాగిస్తే 8.8 వస్తుంది. ఎన్ స్కేల్ పట్టాల వెడల్పు 9 మిల్లీమీటర్లు. అందుకే ఎన్ స్కేల్ పట్టాలను, ఎన్ స్కేల్ ఇంజన్ చట్రాన్ని తీసుకుని, పైన హెచ్‌ఓ కొలతలో బాడీ కట్టుకోవచ్చు. ఈ పద్ధతిని విదేశాల్లో హెచ్‌ఓఈ అంటారు. నౌపడలో పక్కనే ఉండే పెద్ద లైను దగ్గర మాత్రం చిన్న రాజీ తప్పదు. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు, అది 19.3 అవ్వాలి. బజారులో దొరికే హెచ్‌ఓ పట్టాలు 16.5 మాత్రమే. ఆ దాదాపు మూడు మిల్లీమీటర్ల తేడాను ఎక్కువమంది సర్దుకుపోతారు.

90 కిలోమీటర్లను ఇదే నిష్పత్తిలో కడితే కిలోమీటరు పైన పొడవు కావాలి. కాబట్టి రెండు చోట్లు ఎంచుకోండి, మిగతాది వదిలేయండి. గది మూలలో ఎల్ ఆకారంలో ఎనిమిది అడుగుల షెల్ఫులు రెండు, ఒక్కొక్కటి అడుగున్నర వెడల్పుతో పెడితే చాలు. ఒక షెల్ఫు నౌపడ, రెండోది పర్లాకిమిడి మిల్లు. మలుపు వ్యాసార్ధం 30 సెంటీమీటర్లకు తగ్గకుండా చూసుకోండి. గుణుపూర్ కోసం గోడ చివర తెర చాటున రెండు పట్టాలు వేసి, బళ్ళు అక్కడి నుంచి వస్తున్నట్టు నడపండి.

మనిషి ఎత్తు 19 మిల్లీమీటర్లు, గోనె బస్తా 11, ముప్పై మీటర్ల మిల్లు షెడ్డు 35 సెంటీమీటర్లు. పాతిక మీటర్ల పొగగొట్టం 29 సెంటీమీటర్లు రావాలి గానీ షెల్ఫు మీద అది మరీ పొడుగనిపిస్తుంది. ఇరవైకి తగ్గించినా కంటికి సరిగ్గానే ఉంటుంది.

నెల ఎంచుకోండి

చాలామంది దాటిపోయే విషయం ఇది. ఉప్పు ఎండల్లో పండుతుంది, వానలు పడితే మడులు ఆగిపోతాయి. ధాన్యం కోతలు మార్గశిరం, పుష్యమాసాల్లో. పచ్చటి వరి చేను, తెల్లటి ఉప్పు కుప్ప, ధాన్యం బళ్ళ బారు ఒకే బల్ల మీద పెడితే ఆ ప్రాంతం వాళ్ళు చూడగానే నవ్వుతారు. మేము సూచించేది ఫాల్గుణం. మడుల్లో ఉప్పు గీయడం మొదలై ఉంటుంది, మిల్లులో కొత్త ధాన్యం ఇంకా ఆడుతూ ఉంటుంది, పొలాల్లో ఎండిన మొదళ్ళే ఉంటాయి. పచ్చదనం తాటిచెట్లకు, సరుగుడు తోపులకు పరిమితం చేయండి.

ఏడాదిని కూడా నిర్ణయించుకోండి. 1960లు అనుకుంటే ఆవిరి ఇంజన్లు, బళ్ళ మీద సౌత్ ఈస్టర్న్ రైల్వే అక్షరాలు ఉంటాయి. నౌపడ స్టేషన్ బోర్డు మీద తెలుగు, పర్లాకిమిడి బోర్డు మీద ఒడియా ఉండాలి. ఒకే షెల్ఫు మీద ఈ రెండు లిపులు కనబడితే మన కథ సగం చెప్పేసినట్టే.

ఉప్పు మడులు

అసలైన మడుల్లో ముందు పెద్ద చెరువు లాంటి మడిలోకి ఉప్పునీరు పెడతారు. అది చిక్కబడ్డాక, బంకమట్టి తొక్కి చదును చేసిన చిన్న మడుల్లోకి మళ్ళిస్తారు. పేరుకున్న ఉప్పును పలక బిగించిన పొడవాటి కర్రతో గట్టుకు లాగి కుప్ప పోస్తారు, పైన తాటాకు కప్పుతారు. నమూనాలో పెద్ద మడి ముదురు రంగులో, చిన్న మడులు లేత బూడిద రంగులో ఉంటే ఆ క్రమం తెలుస్తుంది. నీటికి రెండు మూడు పూతలు మెరిసే వార్నిష్ చాలు.

కుప్పలకు అసలు ఉప్పు వాడకండి. అది గాలిలో తేమ పీల్చి పట్టాలకు తుప్పు పట్టిస్తుంది. ముగ్గు పిండి జల్లెడ పట్టి, నీళ్ళు కలిపిన ఫెవికాల్‌తో అతికిస్తే చక్కగా కుదురుతుంది.

బియ్యం మిల్లు

మిల్లంటే ఒక్క షెడ్డు కట్టి వదిలేస్తే చాలదు. ఉప్పుడు బియ్యం తయారయ్యే వరస కనబడాలి. ధాన్యం నానబెట్టే తొట్లు, ఆవిరి పట్టే గుండిగలు, ఎండబోసే సిమెంటు కళ్ళం, మర ఉన్న షెడ్డు, బాయిలర్, దాని వెనక ఊక గుట్ట, పక్కన నల్లటి బూడిద గుట్ట. కళ్ళం విశాలంగా ఉండాలి, షెడ్డు కన్నా ఎక్కువ చోటు దానికే పోతుంది. దాని మీద కాళ్ళతో ధాన్యం తిరగేసే ఆడవాళ్ళను పెట్టండి. మిల్లు నడిచింది వాళ్ళ పని మీదే, ఫొటోల్లో మాత్రం మిల్లు యజమానులే ఎక్కువగా కనిపిస్తారు.

ఊక గుట్టకు అసలు ఊక పనికిరాదు. ఒక ఊక పొట్టు ఏడు మిల్లీమీటర్లుంటే ఈ కొలతలో అది రెండడుగుల తొక్క అవుతుంది. సన్నటి రంపపు పొట్టుకు లేత పసుపు రంగు వేసి వాడండి. పొగగొట్టానికి పీవీసీ పైపు, వెదురు మోపులకు అగరుబత్తి పుల్లలు, నేలకు వాడేసి ఎండబెట్టిన టీ పొడి సరిపోతాయి.

నడిపేటప్పుడు ఉండే చిక్కుముడి

మిల్లు సైడింగు నౌపడ వైపు తెరుచుకుంటే, నౌపడ నుంచి వచ్చే ఇంజన్ ముందు ఉంటుంది, వ్యాగన్లు వెనక. అలాగే లోపలికి పోతే ఇంజనే మిల్లులో చిక్కుకుంటుంది. అందుకే స్టేషన్‌లో పక్క పట్టా ఒకటి ఉండాలి. ఇంజన్ విడిపోయి, ఆ పట్టా మీదుగా వెనక్కి వచ్చి, వ్యాగన్లను తోస్తూ లోపలికి పెట్టాలి. ఈ ఒక్క పనికే పది నిమిషాలు పడుతుంది, పిల్లలకు ఆట మొత్తం అందులోనే ఉంది.

ప్రతి వ్యాగన్‌కూ పేకముక్కంత అట్ట తయారు చేయండి. ఒక వైపు ‘ఖాళీ గోనెలు, నౌపడ నుంచి మిల్లుకు’, రెండో వైపు ‘బియ్యం, మిల్లు నుంచి నౌపడకు’ అని రాయండి. వ్యాగన్ చేరగానే అట్ట తిప్పితే తరవాతి ప్రయాణం సిద్ధం. నౌపడలో రెండు గేజిల మధ్య ప్లాట్‌ఫారం కట్టి, బస్తాలు నెత్తిన పెట్టుకుని దాటే కూలీలను నిలబెట్టండి. గేజి మారే చోట సరుకు మనుషుల భుజాల మీదుగా దాటక తప్పదు.

మీ ఊరికి ఇదే పద్ధతి

షోలాపూర్ తెలుగువాళ్ళకు బార్సీ లైట్ రైల్వే ఉంది. 1897లో మొదలైన ఆ లైను వెడల్పు కూడా రెండున్నర అడుగులే కాబట్టి పై కొలతలన్నీ పనికొస్తాయి. నూలు మిల్లు ఎంచుకుంటే దూది బేళ్ళు, బొగ్గు లోపలికి, బట్టల బేళ్ళు బయటికి. కోలార్ బంగారు గనుల్లో పెరిగినవాళ్ళకు 1894 నాటి బంగారుపేట–మారికుప్పం లైను ఉంది. అక్కడ లెక్క తిరగబడుతుంది. గనికి కలప, యంత్రాలు, బొగ్గు నిండు బళ్ళలో వస్తాయి, బయటికి పోయే బంగారానికి ఒక పెట్టె చాలు. 1902లో శివసముద్రం కరెంటు వచ్చాక బొగ్గు అవసరం బాగా తగ్గింది. మీరు ఎంచుకునే ఏడాదిని బట్టి బొగ్గు బళ్ళు ఉండాలో వద్దో తేలుతుంది.

ఇంట్లో పెద్దలను అడగవలసినవి

బస్తా ఎన్ని కిలోలు? బండిలో ఎన్ని పట్టేవి? ఎవరు మోసేవారు, కూలి ఎలా లెక్క కట్టేవారు? మిల్లు కూత ఎన్నింటికి? షెడ్డు కప్పు పెంకా, రేకా? టీ కొట్టు ఎటు వైపు? ఏ నెలలో పని ఉండేది కాదు? వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే రికార్డు చేయండి. ఇంకో ఇంట్లో వేరేలా చెబితే అదీ రాసిపెట్టండి. పాత పెళ్ళి ఫొటోల వెనక కనిపించే గోడలు, పొగగొట్టాలు కూడా చూడండి.

షెల్ఫు పూర్తి కావడానికి ఏడాది పట్టినా ఫరవాలేదు. ఈ ప్రశ్నలు మాత్రం ఈ ఆదివారమే మొదలుపెట్టండి.