రోడ్డు కింద గుడ్డ

మనలో చాలామందిమి నల్లరేగడి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లమే. వానాకాలంలో రోడ్డు దిగబడి, బస్సు రాక, బడి మానుకున్న రోజులు మనకు కొత్త కాదు. ఏటా కంకర పోస్తారు. మరుసటి ఏటికి అది కనిపించదు. ఆ కంకర ఏమైపోతోంది? ఈ హాస్టల్లో ఉండి, తర్వాత సివిల్ డిప్లొమా చదివాక గానీ మాకు జవాబు తెలియలేదు.

కంకర ఎక్కడికీ పోదు. తడిసి మెత్తబడిన మట్టిలోకి బండ్ల బరువుకు దిగిపోతుంది. కింది బురద కంకర సందుల్లోకి ఎక్కుతుంది. రెండూ కలిసిపోయాక పైన ఎంత పోసినా ఆ రోడ్డు నిలవదు.

దీనికి ఒక ఉపాయం జియోటెక్స్‌టైల్. అంటే మట్టికీ కంకరకూ మధ్య పరిచే, నీరు దిగే గుడ్డ. హాస్టల్ వంటశాలలో గుండిగ మూతికి గుడ్డ కట్టి గంజి వార్చడం అందరం చూశాం. గంజి పోతుంది, మెతుకు నిలుస్తుంది. ఇదీ అంతే. నీటిని పోనిచ్చి మట్టిని ఆపుతుంది. నేత మరీ పలచనైతే బురద దాటుతుంది. మరీ దగ్గరైతే సందులు పూడి నీరు నిలుస్తుంది. అందుకే ముందు మట్టిని పరీక్షించి, దానికి తగిన గుడ్డను ఎంచుకోవాలి.

1926లోనే అమెరికాలోని సౌత్ కరోలినాలో రోడ్డు పొరల్లో నూలు గుడ్డ వేసి చూశారు. ఇప్పుడు ఎక్కువగా పాలీప్రొపిలీన్, పాలిస్టర్ వాడుతున్నారు. మన కాకినాడ ఓడరేవు ప్రాంతంలో 1990లలో మెత్తటి నేలపై రోడ్డుకు జనపనార గుడ్డ వాడారు. జనపనార కుళ్లిపోదా అని అడగవచ్చు. కుళ్లుతుంది. కానీ ఆలోగా నీరు బయటికి పోయి, మట్టి అణిగి గట్టిపడుతుంది. 2020లో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద ఏడు రాష్ట్రాల్లో 1,674 కి.మీ. రోడ్లకు కొబ్బరిపీచు గుడ్డ వాడాలని నిర్ణయించారు. అందులో ఆంధ్రప్రదేశ్‌కు 164, తెలంగాణకు 121 కి.మీ. వచ్చాయి.

గుడ్డ పరచగానే పని అయిపోదు. వడిసిన నీరు పోవడానికి పక్క కాలువ ఉండాలి. అంచులు ఒకదానిపై ఒకటి ఎక్కాలి. ప్లాస్టిక్ రకాలు ఎండకు చెడతాయి కనుక త్వరగా కంకర కప్పాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ ఊళ్లో రోడ్డు పని జరిగేటప్పుడు దగ్గరుండి చూడండి, అడగండి. రేపు మీరే ఇంజనీర్లై ఆ రోడ్లు వేయండి. వానకు బడి మానుకోవడం మనతోనే ఆగిపోవాలి.