నీటిలో నైట్రేట్ పరీక్షకు అతినీలలోహిత స్పెక్ట్రోఫోటోమీటరు ఎంపిక

హైదరాబాదు పాతబస్తీలోని యాకుత్‌పురా వంటి ఇరుకైన నివాస ప్రాంతాలలో బోరుబావులకు, మురుగు కాలువలకు మధ్య దూరం స్వల్పం. మురుగులోని నత్రజని నేలలో నైట్రేట్‌గా మారి భూగర్భ జలాన్ని చేరే అవకాశముంది. నగరానికి దిగువన మూసీ నీటితో వరి, పశుగ్రాసం సాగవుతున్నందున ఇది వ్యవసాయ ప్రయోగశాలలకూ సంబంధించిన విషయమే. ఐఎస్ 10500:2012 ప్రకారం తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మి.గ్రా. మించరాదు. అంతకు మించితే పసిపిల్లల రక్తానికి ఆక్సిజన్‌ను మోసే శక్తి తగ్గే ప్రమాదముంది.

నైట్రేట్ 220 నానోమీటర్ల వద్ద కాంతిని శోషిస్తుంది. కరిగిన సేంద్రియ పదార్థం కూడా అక్కడే శోషిస్తుంది కనుక 275 నానోమీటర్ల విలువను రెట్టింపు చేసి తీసివేస్తారు. ఈ సవరణ 220 విలువలో 10 శాతం దాటితే ఆ నమూనాకు ఈ పద్ధతి పనికిరాదు. మురుగు కలిసిన నీటిలో ఇది తరచూ ఎదురయ్యే ఇబ్బంది.

టంగ్‌స్టన్ దీపం మాత్రమే గల దృశ్యకాంతి పరికరం ఈ పనికి చాలదు. డ్యుటీరియం వంటి అతినీలలోహిత దీపం, క్వార్ట్జ్ కువెట్లు అవసరం. సాధారణ గాజు ఈ కాంతిని అడ్డగిస్తుంది. అయితే భాస్వరం, పత్రహరితం వంటి పరీక్షలకే పరిమితమయ్యే ప్రయోగశాలకు దృశ్యకాంతి పరికరం సరిపోతుంది.

కొనుగోలులో ముందుగా చూడవలసినది స్ట్రే లైట్, అనగా ఎంచుకున్న తరంగదైర్ఘ్యం కాక డిటెక్టరును చేరే ఇతర కాంతి. అసలు శోషణ 2.00 ఉన్న ద్రావణాన్ని 1 శాతం స్ట్రే లైట్ గల పరికరం 1.70గా చూపుతుంది. 0.05 శాతం ఉన్నది 1.98గా చూపుతుంది. 45 మి.గ్రా. నైట్రేట్ అంటే సుమారు 10 మి.గ్రా. నైట్రేట్-నత్రజని. అది క్రమాంకన రేఖ పైఅంచు. నాసిరకం పరికరంలో రేఖ సరిగ్గా అక్కడే వంగి, హానికర నీరు సురక్షితమని తేలవచ్చు. గాఢ నమూనాలను పలుచన చేయడం అందుకే అవసరం.

దీర్ఘకాలిక కొలతలకు డబుల్ బీమ్ పరికరం స్థిరంగా ఉంటుంది. నమూనాలు తక్కువైతే, తరచూ బ్లాంక్ సరిచూసుకుంటే సింగిల్ బీమ్ కూడా చాలును. బ్యాండ్‌విడ్త్ 2 నానోమీటర్లు లేదా అంతకు తక్కువ ఉండటం మేలు.

ధర చెల్లించే ముందు హోల్మియం ద్రావణంతో తరంగదైర్ఘ్యాన్ని, పొటాషియం డైక్రోమేట్‌తో శోషణను, లీటరుకు 10 గ్రాముల సోడియం అయొడైడ్‌తో 220 వద్ద స్ట్రే లైట్‌ను సరఫరాదారుచేత ప్రయోగశాలలోనే నిరూపింపజేయాలి. దీపం ఆయుర్దాయం, దాని ధర, సర్వీసు అందుబాటు కూడా ఒప్పందంలో ఉండాలి. పరికరం ఖరీదుకన్నా అది ఇచ్చే అంకె మీద ఆధారపడే నిర్ణయమే విలువైనది.