కెమెరా వాళ్ల చేతికివ్వండి!

దివ్యాంగులకూ, వాళ్లతో పనిచేసే సంస్థల సిబ్బందికీ స్మార్ట్‌ఫోన్‌తో సినిమా తీయడం నేర్పుతుంటాను. మొదటిరోజు అందరికీ ఒకటే పని. ఒక నిమిషం వీడియో తీసుకురావాలి.

సిబ్బంది తెచ్చేవి దాదాపు ఒకేలా ఉంటాయి. విషాద సంగీతం, కన్నీళ్లు, చివర్లో సాయం చేసే చెయ్యి. ‘జాలి లేకపోతే విరాళాలు రావు సార్’ అంటారు. వాళ్ల ఇబ్బంది నిజమే.

అదే, చక్రాల కుర్చీలో కూర్చున్న వాళ్లు తీస్తే కథే మారిపోతుంది. కెమెరా వాళ్ల కళ్ల ఎత్తులో ఉంటుంది. బ్యాంకు కౌంటర్ గోడలా కనిపిస్తుంది. మనం పట్టించుకోని రెండు మెట్లే అక్కడ విలన్!

క్లోజప్ గొప్పదంటే బధిరులు ఒప్పుకోరు. ముఖమే చూపిస్తే చేతులు కట్ అవుతాయి, చేతులు పోతే మాటే పోయినట్టు. అందుకే సైగల భాషకి నడుము దాకా ఫ్రేమ్ పెట్టాలి. ఇక ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్ ఆన్ చేస్తే, ఫ్రేమ్‌లో ఎన్ని ముఖాలున్నాయో ఫోనే చెబుతుంది. చూపులేని వాళ్లు అది విని షాట్ సరిచూసుకుంటారు.

2020లో వచ్చిన ‘క్రిప్ క్యాంప్’ డాక్యుమెంటరీ దర్శకులిద్దరిలో ఒకరైన జేమ్స్ లెబ్రెక్ట్ చక్రాల కుర్చీ వాడతారు. టీనేజ్‌లో తాను వెళ్లిన క్యాంప్ కథే తీశారు. అది ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది.

జాలి వీడియోకి డబ్బు రావచ్చు. కానీ అది చూసి ఎవరూ ర్యాంప్ కట్టరు. అందుకే సిబ్బందికి నేను చెప్పేది ఒక్కటే. ఎవరి కథైతే వాళ్లకే ఫోన్ ఇవ్వండి. మీరు లైట్ పట్టుకోండి చాలు.