తీరమున కనబడు పెద్ద సముద్రపుకాకి

చలికాలమున ఉత్తరదేశములనుండి సముద్రపుకాకులు మన తీరమునకు వచ్చుట మీరెఱిగినదే. వానిలో తరచుగా కానవచ్చునది ఎఱ్ఱని ముక్కును, ఎఱ్ఱని కాళ్లును గల చిన్నజాతి. మూర పొడవునకు ఇంచుక తక్కువ. ఆ గుంపు నడుమ ఒక్కొక్కప్పుడు మూరన్నర పొడవు గల తెల్లని పక్షి నిలిచియుండును. ఱెక్కలు విప్పినచో 5 అడుగులు, అంతకు మించియు ఉండును. చూచినవారు తలకొక పేరు చెప్పుదురు.

తర్కశాస్త్రమున లక్షణమునకు మూడు దోషములు చెప్పబడినవి. ఆవునకు కపిలవర్ణము లక్షణమన్నచో తెల్లయావు విడిపోవును, ఇది అవ్యాప్తి. కొమ్ములన్నచో గేదెయు చేరును, ఇది అతివ్యాప్తి. ఒంటిగిట్ట యన్నచో ఏ యావునకును పొసగదు, ఇది అసంభవము. గంగడోలు అన్ననే సరిపడును. పక్షిని గుర్తించుటయు ఇట్టిదే.

ఈ పెద్దపక్షిని ఆంగ్లేయులు పూర్వము 'పెద్ద నల్లతల గల్' అనిరి. 1773లో దీనిని శాస్త్రమున కెక్కించిన పల్లాస్ పండితుని పేరిట ఇప్పుడు పిలుచుచున్నారు. ఆయన పెట్టిన గ్రీకు నామమునకు చేపల గరుడుడని యర్థము. ఆ పేరు నాకు మిక్కిలి నచ్చినది. పాత ఆంగ్లనామమందు మాత్రము అవ్యాప్తిదోషము కలదు. నల్లతల గ్రుడ్లుపెట్టు కాలపు వేషము. మార్గశిరమున తల తెల్లనై, కంటివెనుక మసి పూసినట్టి మచ్చ మాత్రము మిగులును. ఫాల్గుణము నాటికి పెక్కింటి తల మరల నల్లనగును.

పోనీ, పరిమాణమే గుర్తనుకొందమా? రష్యాదేశపు ఉత్తరపుటంచున పుట్టి మన తీరమునకు వచ్చు హ్యూగ్లిన్ గల్ కూడ పెద్దదే. అది అతివ్యాప్తి.

కావున ముక్కు చూడవలెను. పల్లాస్ పక్షికి పసుపుపచ్చని ముక్కుమీద, కొనకు దగ్గరగా, నల్లని పట్టె యుండును. హ్యూగ్లిన్ పక్షికి క్రింది ముక్కున ఎఱ్ఱని చుక్క. మొదటిదాని వీపు లేతబూడిద వన్నె, రెండవదానిది పలకవంటి ముదురువన్నె. ఎగురునపుడు మొదటిదాని ఱెక్కకొనలు చాలవఱకు తెల్లన, రెండవదానివి నల్లన. ఇవి యెదిగిన పక్షుల గుర్తులే సుమా! పిల్లలు మొదట గోధుమవన్నెతో ఉండి, పెద్దల రూపము పొందుటకు సుమారు నాలుగేండ్లు పట్టును. వానిని చూచి తొందరపడి పేరు చెప్పువారిని నేను నమ్మను.

ఇంత పట్టుదల యేలయందురా? 1987 మొదలు మనదేశమున జనవరియందు నీటిపక్షులను లెక్కించుచున్నారు. సరిగా ఆ నెలలోనే వీనిలో కొన్నింటి తల తెల్లగను, కొన్నింటిది నల్లబడుచును ఉండును. తలనే నమ్మినవాడు ఒకే జాతిని రెండుగా వ్రాయును. ఎన్ని వచ్చినవో, ఏటేట తగ్గుచున్నవో పెరుగుచున్నవో ఆ లెక్కవలన తెలియదు. మీ యూరి రేవున అట్టి పక్షి కనబడినచో తేదియు, ముక్కు, వీపు, కాళ్ల వన్నెలును ముందు వ్రాసికొనుడు. పేరు ఆ పిమ్మట వ్రాయవచ్చును.